డమ్మీ మెడపై పడిన బలాల నుంచి గాయం ముప్పును లెక్కకట్టడం ఎలా?

వాహనం ఢీకొన్న పరీక్ష ముగిసి, తలుపు తెరిచి చూస్తే, డమ్మీ (మనిషికి బదులు సీటులో కూర్చోబెట్టే పరీక్ష బొమ్మ) ముఖం మీద ఎయిర్‌బ్యాగ్ మరకలు ఉంటాయి, మోకాళ్ల దగ్గర చర్మం చిరిగి ఉంటుంది. కానీ మెడ మాత్రం పరీక్షకు ముందు ఎలా ఉందో అలాగే కనిపిస్తుంది. లోపలి రబ్బరు సాగి, వంగి, కనురెప్పపాటులో తన ఆకారానికి తిరిగి వచ్చేసి ఉంటుంది. అంటే మెడకు ఏం జరిగిందో చెప్పగలిగింది లోడ్ సెల్ (బలాలను కొలిచే పరికరం) నమోదు చేసిన గీతలు మాత్రమే. ఆ గీతలను సరిగ్గా రాబట్టి, సరిగ్గా చదివి, మనిషి మెడకు ఎంత ముప్పు ఉండేదో అంచనా కట్టడమే ఈ పని. మెడ గాయం ప్రాణాన్ని తీయకపోయినా మనిషిని జీవితాంతం మంచానికి కట్టిపడేయగలదు కాబట్టి ఇందులో ఒక గుర్తు పొరపాటును కూడా చిన్నదిగా చూడకూడదని నేను గట్టిగా నమ్ముతాను.

ఈ వివరణ ప్రధానంగా ఎదురుగా ఢీకొనే పరీక్షల్లో, హైబ్రిడ్-3 అనే రకం డమ్మీతో, మెడ పైభాగంలో అమర్చిన ఆరు దిశల లోడ్ సెల్‌తో పనిచేసేవారి కోసం. వెనుక నుంచి తగిలే నెమ్మది దెబ్బలకు వేరే డమ్మీ, వేరే కొలత కావాలి; ఆ సంగతి చివరలో చెబుతాను.

మొదటి అడుగు: కొలవబోయే మెడను తెలుసుకోండి

హైబ్రిడ్-3 మెడ అనేది అల్యూమినియం బిళ్లలనూ బ్యూటైల్ రబ్బరునూ ఒకదానిపై ఒకటి అతికించి పోత పోసిన స్తంభం. దాని నడుమ నుంచి ఒక ఉక్కు కేబుల్ పైనుంచి కిందకు పోతుంది. రబ్బరుకు ముందు వైపున అడ్డంగా చీలికలు ఉంటాయి. తల వెనక్కి వాలినప్పుడు ఆ చీలికలు తెరుచుకుంటాయి కాబట్టి మెడ సులువుగా వంగుతుంది. ముందుకు వంగినప్పుడు అవి మూసుకుని మెడ గట్టిగా అడ్డుకుంటుంది. మనిషి మెడ కూడా వెనక్కి వాలేటప్పుడే బలహీనంగా ఉంటుంది కాబట్టి ఆ తేడాను డమ్మీలో కావాలనే పెట్టారు.

డమ్మీ మెడలో విడిగా కండరాలు లేవు. అసలు మనిషిలో ఎముకలు, స్నాయువులు, కండరాలు పంచుకునే భారమంతా ఈ ఒక్క స్తంభమే మోస్తుంది. అందువల్ల లోడ్ సెల్ చూపే న్యూటన్లను నేరుగా మనిషి వెన్నుపూసల మీద పడిన న్యూటన్లుగా భావించకండి. ఈ డమ్మీ ఇంత బలం చూపినప్పుడు మనిషికి ఎంత ముప్పు అనే సంబంధాన్ని వేరే పరీక్షల నుంచి తెచ్చి జత చేస్తారు. ఆ సంబంధం ఈ మెడ నిర్దేశించిన తీరులో వంగినప్పుడే చెల్లుతుంది.

రెండో అడుగు: లోలకం పరీక్షతో మెడ ఆరోగ్యాన్ని తేల్చుకోండి

తలను, మెడను డమ్మీ నుంచి విప్పి, లోలకం అడుగున తలకిందులుగా బిగించి, దానిని పైకెత్తి వదులుతారు. కింద ఉన్న అల్యూమినియం తేనెపట్టు దిమ్మ లోలకాన్ని ఒక్కసారిగా ఆపుతుంది, తల మాత్రం ముందుకు సాగిపోతుంది. అమెరికా సమాఖ్య నిబంధనల 572వ భాగం ప్రకారం సగటు పురుష డమ్మీ మెడకు ముందు వంపు పరీక్షలో లోలకం వేగం సెకనుకు 6.89 నుంచి 7.13 మీటర్ల మధ్య ఉండాలి, తల 64 నుంచి 78 డిగ్రీల దాకా తిరగాలి, అప్పుడు తల, మెడ కలిసే కీలు (తల కీలు) దగ్గర భ్రామకం, అంటే తిప్పే ప్రభావం, దాదాపు 88 నుంచి 108 న్యూటన్-మీటర్ల మధ్య రావాలి. వెనుక వంపు పరీక్షలో వేగం 5.94 నుంచి 6.19 మీటర్లు, తల తిరుగుడు 81 నుంచి 106 డిగ్రీలు, భ్రామకం దాదాపు 53 నుంచి 80 న్యూటన్-మీటర్లు.

ఫలితం ఈ పరిధి బయటకు పోతే చాలామంది వెంటనే రబ్బరు పాడైందనుకుని మెడను మార్చడానికి సిద్ధమవుతారు. దానికి ముందు రెండు విషయాలు చూడండి. ఒకటి ఉష్ణోగ్రత. పరీక్ష గది 20.6 నుంచి 22.2 డిగ్రీల సెల్సియస్ మధ్య ఉండాలి, మెడ కనీసం నాలుగు గంటలు ఆ గదిలోనే ఉండి ఉండాలి. గది గాలి చల్లబడినంత త్వరగా రబ్బరు లోపలి భాగం చల్లబడదు. రెండోది మెడ కేబుల్ చివర ఉన్న నట్టు బిగింపు. అది 1.35 న్యూటన్-మీటర్లకు అటూ ఇటూ 0.27 లోపే ఉండాలి. ఇది చాలా తక్కువ బిగింపు. సాధారణ పానాతో చేతి అంచనా మీద తిప్పేవారు దాదాపు ఎప్పుడూ ఎక్కువే బిగిస్తారు. చిన్న టార్క్ రెంచ్‌ను నట్టుకు తగిలించి, ముల్లు కదిలే తీరును కళ్లతో చూస్తూ నిదానంగా తిప్పండి. కేబుల్ ఎక్కువగా బిగిస్తే రబ్బరు ముందే నొక్కుకుపోయి, మెడ గట్టిపడి, తల తిరుగుడు తగ్గుతుంది. ఒకే మెడతో వరుసగా పరీక్షలు చేసేటప్పుడు మధ్యలో కనీసం అరగంట విడువండి. సాగిన రబ్బరు వెంటనే మళ్లీ సాగదీస్తే మెత్తగా స్పందిస్తుంది.

మూడో అడుగు: లోడ్ సెల్ గుర్తులను చేత్తో తేల్చుకోండి

మెడ పైభాగపు లోడ్ సెల్ మూడు బలాలను, మూడు భ్రామకాలను కొలుస్తుంది. ఎదురు దెబ్బలో మనకు ముఖ్యంగా కావలసినవి మూడు: ముందు వెనుకలుగా తలను నెట్టే కోత బలం, నిలువునా సాగదీసే లేదా నొక్కే బలం, తలను ముందుకో వెనక్కో వంచే భ్రామకం. వీటికి అంతర్జాతీయంగా పాటించే గుర్తుల ఒప్పందం ఒకటి ఉంది. ఛాతీని పట్టుకుని తలను వెనక్కి నెడితే కోత బలం ధనాత్మకం. తలను పైకి లాగితే నిలువు బలం ధనాత్మకం. గడ్డం ఛాతీ వైపు వంగితే భ్రామకం ధనాత్మకం, వెనక్కి వాలితే రుణాత్మకం.

ఈ మూడింటినీ కాగితం మీద చదివి వదిలేయకండి. డమ్మీని కూర్చోబెట్టిన తర్వాత ఒకరు ఛాతీని గట్టిగా పట్టుకోవాలి, ఇంకొకరు తలను రెండు చేతులతో పట్టుకుని ముందు పైకి లాగాలి, తర్వాత వెనక్కి నెట్టాలి, ఆపైన గడ్డాన్ని కిందకు వంచాలి. మూడో వ్యక్తి తెర మీద ప్రతి ఛానల్ ఏ వైపు కదిలిందో పలుకుతూ రాసుకోవాలి. నేను చూసిన ఒక పరీక్షలో కనెక్టర్ తీగలు మారిపోయి, వంపు భ్రామకం గుర్తు తిరగబడింది. వీడియోలో తల స్పష్టంగా వెనక్కి వాలుతుంటే గీత మాత్రం ముందు వంపు చూపింది. వెనుక వంపు కీలక విలువ (కొలిచిన దానిని భాగించే ప్రామాణిక సంఖ్య, ఏడో అడుగులో వస్తుంది) ముందు వంపు విలువలో సగం కూడా ఉండదు కాబట్టి, ఆ ఒక్క తీగ వల్ల అసలు ముప్పు సగానికి పైగా దాగిపోయేది. వీడియో పక్కన పెట్టి చూడకపోతే ఆ నివేదిక అలాగే బయటికి వెళ్లేది.

లోడ్ సెల్ నుంచి వచ్చే తీగను తలకు, వీపుకు మధ్య కొంత వదులుగా ఉంచండి. తల పూర్తిగా వంగినప్పుడు తీగ బిగుసుకుంటే అది మెడకు ఇంకో కేబుల్‌లా పనిచేస్తుంది. సున్నా విలువను డమ్మీ తన చివరి భంగిమలో నిశ్చలంగా ఉన్నప్పుడే తీసుకోండి, 4.5 కిలోల తల బరువు అప్పటికే లోడ్ సెల్ మీద ఉంటుంది కాబట్టి భంగిమ మారితే సున్నా కూడా కదులుతుంది.

నాలుగో అడుగు: తలను సమంగా ఉంచి, తాకిన చోట్లు దొరికేలా చేయండి

డమ్మీ తల లోపల సమతలంగా ఉండే వేదిక ఒకటి ఉంటుంది. అమెరికా పద్ధతిలో అది సమాంతరానికి అర డిగ్రీ లోపు ఉండాలి. తుంటి కీలు స్థానం, వీపు వాలు, సీటు బెల్టు దారి నిర్దేశించినట్టు ఉన్నాయో లేదో కొలిచి రాయండి. గడ్డం నుంచి స్టీరింగ్ చక్రం దాకా దూరం కూడా రాయండి, ఎందుకంటే మెడ బలాలు ఎయిర్‌బ్యాగ్ ముఖాన్ని ఎప్పుడు, ఎంత వేగంతో తాకిందన్న దాని మీద చాలా ఆధారపడతాయి.

డమ్మీ నుదురు, ముక్కు, గడ్డం, గడ్డం కింది భాగాలకు వేర్వేరు రంగుల సుద్ద పూయండి. పరీక్ష తర్వాత ఎయిర్‌బ్యాగ్ గుడ్డ మీద ఏ రంగు ఎక్కడ అంటిందో చూస్తే బలం ఎక్కడి నుంచి వచ్చిందో అర్థమవుతుంది. గడ్డం కింది రంగు గుడ్డ మీద దట్టంగా అంటితే జాగ్రత్త పడండి. డమ్మీ దవడ వెనుక, మెడకు ముందు ఒక ఖాళీ ఉంటుంది. మనిషిలో ఆ చోటు కండతో నిండి ఉంటుంది. ఉబ్బుతున్న ఎయిర్‌బ్యాగ్ ఆ ఖాళీలో దూరి తలను పైకి ఎత్తి వెనక్కి తోస్తే, మనిషిలో రాని భారం డమ్మీలో నమోదు కావచ్చు. మెడను కప్పే కవచం ఆ ఖాళీని మూస్తుంది. మీ పరీక్ష పద్ధతి దానిని ఒప్పుకుంటే తప్పకుండా వాడండి, వాడినట్టు రాయండి.

ఐదో అడుగు: గీతను పట్టుకోవడం, శుభ్రం చేయడం

ఢీకొన్న తర్వాత మెడ బలాలన్నీ దాదాపు 150 మిల్లీ సెకన్లలో ముగిసిపోతాయి. ప్రతి ఛానల్‌ను సెకనుకు కనీసం 10,000 సార్లు నమోదు చేయండి. నమోదు చేసే యంత్రంలోనే మడత దోషాన్ని (వేగమైన కంపనాలు నెమ్మదైనవిగా తప్పుగా నమోదు కావడాన్ని) ఆపే వడపోత ఉందో లేదో ముందే చూసుకోండి. ఒకసారి ఆ దోషం లోపలికి చొరబడితే తర్వాత ఏ ఫిల్టరూ దానిని తీయలేదు.

సాధారణంగా మెడ బలాలకు ఛానల్ ఫ్రీక్వెన్సీ తరగతి (ఎంత వేగపు కంపనాల దాకా ఉంచాలో చెప్పే వడపోత స్థాయి) 1000, భ్రామకాలకు తరగతి 600 వాడతారు. కానీ అమెరికా వాహన భద్రతా ప్రమాణం 208 ప్రకారం ఈ లెక్క కోసం కోత బలం, నిలువు బలం, భ్రామకం మూడింటినీ తరగతి 600తోనే వడపోయాలి. తరగతి 600 అంటే దాదాపు 1000 హెర్ట్జ్ పైన ఉన్న కంపనాలను అణచివేస్తుంది. మూడింటికీ ఒకే వడపోత ఎందుకంటే, కాసేపట్లో వీటిని ఒకే క్షణంలో కలపబోతున్నాం. ఒకటి పదునుగా, ఇంకొకటి మొద్దుగా ఉంటే ఆ కలయికకు అర్థం తగ్గుతుంది. ఫిల్టర్‌ను ముందు నుంచి వెనక్కి, వెనుక నుంచి ముందుకు రెండుసార్లు నడిపి కాల జాప్యం లేకుండా చేయండి. తరగతి 1000 ఫలితాన్ని కూడా పక్కన ఉంచండి, ఎందుకంటే విడిగా చూసే బలాల పరిమితులకు అదే కావాలి.

ఆరో అడుగు: భ్రామకాన్ని తల కీలు దగ్గరకు దించండి

పుర్రె అడుగున, మెడ మొదటి పూస మీద కూర్చునే రెండు ఎముక బుడిపెలు ఉంటాయి. తల, మెడ కలిసే అసలు కీలు అదే. కీలక విలువలన్నీ ఆ చోటికి సంబంధించినవి. కానీ లోడ్ సెల్ అక్కడ లేదు, కొంచెం పైన ఉంది. అందువల్ల లోడ్ సెల్ చదివిన భ్రామకంలోంచి కోత బలాన్ని దూరంతో గుణించి తీసివేయాలి. హైబ్రిడ్-3 సగటు పురుష, చిన్న స్త్రీ డమ్మీలకు ఆ దూరం 0.01778 మీటర్లు. అంటే,

తల కీలు భ్రామకం = చదివిన వంపు భ్రామకం − 0.01778 × కోత బలం.

ఎయిర్‌బ్యాగ్ ముఖాన్ని వెనక్కి తోస్తున్న ఒక క్షణాన్ని తీసుకోండి. సాగదీసే బలం 1900 న్యూటన్లు, కోత బలం ధన 900 న్యూటన్లు, లోడ్ సెల్ చూపిన భ్రామకం రుణ 18 న్యూటన్-మీటర్లు అనుకుందాం. 0.01778ను 900తో గుణిస్తే 16. రుణ 18 నుంచి 16 తీసివేస్తే రుణ 34. లోడ్ సెల్ చూపిన దానికి దాదాపు రెట్టింపు భ్రామకం తల కీలు మీద పడుతోంది. 18 మిల్లీమీటర్ల లోపు దూరం ఇంత తేడా తెస్తుందని చాలామంది ఊహించరు, అందుకే ఈ అడుగును మరచిపోవడం చాలా తేలిక.

ఏడో అడుగు: ఒకే క్షణంలో కలపండి

విడివిడిగా ఓర్చుకోగల సాగు, వంపు ఒకేసారి వచ్చినప్పుడు మెడ ఓర్చుకోలేకపోవచ్చు. 1980లలో పందిపిల్లలనూ, అదే పరిమాణపు పిల్లల డమ్మీనీ ఒకే రకంగా ఎయిర్‌బ్యాగ్ ముందు ఉంచి జరిపిన పరీక్షలు, సాగదీసే బలం, వెనుక వంపు జతగా వచ్చినప్పుడు గాయాన్ని బాగా సూచిస్తాయని చూపాయి. ఆ జతను అమెరికా రహదారి భద్రతా సంస్థ ఎన్‌ఐజె అనే కొలతగా విస్తరించి, పెద్ద డమ్మీల పరిమాణానికి తగినట్టు పెంచి, 2000లో ప్రమాణంలో చేర్చింది. పేరులోని రెండు చివరి అక్షరాలు నిలువు బలం దిశనూ వంపు దిశనూ సూచిస్తాయి. సాగు-వెనుక వంపు, సాగు-ముందు వంపు, నొక్కు-వెనుక వంపు, నొక్కు-ముందు వంపు అనే నాలుగు జతలుంటాయి. ఏ క్షణంలోనైనా వాటిలో ఒక్కటే చెల్లుతుంది, మిగిలిన మూడింటినీ ఆ క్షణానికి సున్నాగా ఉంచాలి.

ఎన్‌ఐజె = నిలువు బలం ÷ దాని కీలక విలువ + తల కీలు భ్రామకం ÷ దాని కీలక విలువ.

సరైన భంగిమలో కూర్చున్న సగటు పురుష డమ్మీకి కీలక విలువలు ఇవి: సాగుకు 6806 న్యూటన్లు, నొక్కుకు 6160 న్యూటన్లు, ముందు వంపుకు 310 న్యూటన్-మీటర్లు, వెనుక వంపుకు 135 న్యూటన్-మీటర్లు. చిన్న స్త్రీ డమ్మీకి అవే వరుసలో 4287, 3880, 155, 67. కీలక విలువ కూడా దిశకు తగిన గుర్తుతో ఉంటుంది కాబట్టి భాగహారం తర్వాత రెండు పదాలూ ఎప్పుడూ ధనాత్మకంగానే మిగులుతాయి.

పై క్షణాన్నే లెక్కించండి. 1900ను 6806తో భాగిస్తే 0.279. 34ను 135తో భాగిస్తే 0.252. మొత్తం 0.53. ఇప్పుడు తప్పులు చేసి చూద్దాం. ఆరో అడుగు మరచిపోతే భ్రామకం 18గానే ఉండి మొత్తం 0.41 వస్తుంది. కోత బలం గుర్తు తిరగబడితే భ్రామకం కేవలం 2కు పడిపోయి మొత్తం 0.29 వస్తుంది. మూడు జవాబులూ చూడటానికి నమ్మదగినవే, మూడూ పరిమితికి లోపే. అందుకే ఇలాంటి తప్పు తనంతట తాను బయటపడదు. ఇక ఇవే బలాలు చిన్న స్త్రీ డమ్మీ మెడ మీద పడి ఉంటే 0.443, 0.507 కలిసి 0.95 అవుతుంది. పరిమితి 1.0. సగటు మగవాడికి దండిగా వెసులుబాటు ఉన్న భారమే చిన్న శరీరమున్న స్త్రీకి అంచు దాకా తీసుకుపోతుందన్నమాట. ఒక్క సగటు పురుష డమ్మీతో పరీక్షించి అందరి మెడలూ క్షేమమని చెప్పడం నాకు ఎప్పుడూ సరిగా తోచలేదు.

ఇంకో సాధారణ పొరపాటు గరిష్ఠాలను కూడటం. సాగదీసే బలం 48వ మిల్లీ సెకనులో 2400 న్యూటన్ల గరిష్ఠానికి చేరి, అప్పుడు వెనుక వంపు భ్రామకం 12 మాత్రమే ఉందనుకోండి. 75వ మిల్లీ సెకనులో భ్రామకం 40కి చేరేసరికి సాగు 700కు తగ్గిందనుకోండి. రెండు గరిష్ఠాలను కలిపితే 0.65 వస్తుంది. కానీ మెడ ఆ రెండింటినీ ఒకేసారి ఎప్పుడూ చూడలేదు. మొదటి క్షణంలో విలువ 0.44, రెండో క్షణంలో 0.40. ప్రతి నమూనాకూ విడిగా లెక్కించి, ఆ గీతలో గరిష్ఠాన్ని తీసుకోండి. ఆ గరిష్ఠం ఏ జతలో, ఏ మిల్లీ సెకనులో వచ్చిందో విలువ పక్కనే రాయండి.

ఎనిమిదో అడుగు: విడి పరిమితులను, వ్యవధిని చూడండి

ఎన్‌ఐజె బాగున్నంత మాత్రాన పని అయిపోలేదు. వంపు లేకుండా నిలువునా సాగిన మెడకు ఎన్‌ఐజె తక్కువగానే ఉంటుంది. అందుకే అమెరికా ప్రమాణం సగటు పురుష డమ్మీకి సాగును 4170 న్యూటన్ల వద్ద, నొక్కును 4000 న్యూటన్ల వద్ద విడిగా ఆపుతుంది. చిన్న స్త్రీ డమ్మీకి ఆ హద్దులు 2620, 2520.

ఐక్యరాజ్యసమితి 94వ నిబంధన ఇంకో దారిలో నడుస్తుంది. అక్కడ సాగదీసే బలం క్షణకాలం 3300 న్యూటన్ల దాకా ఉండవచ్చు, 35 మిల్లీ సెకన్ల పాటు ఉంటే 2900, 60 మిల్లీ సెకన్లు అంతకు మించి ఉంటే 1100 మాత్రమే. కోత బలానికీ ఇలాంటి మెట్లే ఉన్నాయి. వెనుక వంపు భ్రామకం 57 న్యూటన్-మీటర్లు దాటకూడదు. దీనికి మీరు బలం ఎన్ని మిల్లీ సెకన్లు ఫలానా స్థాయి పైన ఉందో మొత్తం కూడాలి. మధ్యలో తెగినా ఆ ముక్కలన్నీ కలపాలి. తర్వాత ఆ వ్యవధి గీతను నిబంధన గీత మీద పెట్టి చూడండి.

ఆ 57 అనే సంఖ్య వెనుక మనుషులున్నారు. వేన్ స్టేట్ విశ్వవిద్యాలయానికి చెందిన లారెన్స్ పాట్రిక్ తానే స్లెడ్ (ఢీకొనడాన్ని అనుకరించే పరీక్ష బండి) మీద కూర్చుని దెబ్బలు తిన్నారు. హెరాల్డ్ మెర్ట్జ్‌తో కలిసి 1971లో ప్రచురించిన పనిలో, స్వచ్ఛంద పరీక్షలనూ దానమిచ్చిన మృతదేహాలతో చేసిన పరీక్షలనూ కలిపి వెనుక వంపుకు 57, ముందు వంపుకు 190 న్యూటన్-మీటర్ల హద్దులు ప్రతిపాదించారు. ఈ రోజు మీరు తెర మీద గీసే ఎర్ర గీత అక్కడి నుంచి వచ్చింది.

తొమ్మిదో అడుగు: విలువను ముప్పుగా మార్చండి

ఉత్తీర్ణం, అనుత్తీర్ణం అనే మాట కంటే ముప్పు శాతం ఎక్కువ విషయం చెబుతుంది. ఎన్‌ఐజెను 1.9688తో గుణించి, దానిని 3.2269 నుంచి తీసివేసి, సహజ సంవర్గమాన ఆధారాన్ని ఆ ఘాతానికి పెంచి, 1 కలిపి, వచ్చిన దానితో 1ని భాగించండి. ఇది గాయాల తీవ్రతను అంకెల్లో చెప్పే మానంలో 3వ స్థాయి, అంటే తీవ్రమైన గాయం, లేదా అంతకు మించినది కలిగే సంభావ్యత. మన ఉదాహరణలో 0.53కు దాదాపు 10 శాతం, చిన్న స్త్రీ డమ్మీ 0.95కు 20 శాతం చిల్లర, పరిమితి అయిన 1.0 వద్ద 22 శాతం వస్తుంది. కాబట్టి పరిమితి లోపల ఉండటమంటే ముప్పు లేకపోవడం కాదు.

ఈ గీతకు ఉన్న లోపాన్ని కూడా చూడండి. ఎన్‌ఐజె సున్నా అయినా అది దాదాపు 4 శాతం ముప్పు చూపుతుంది. ఏ బలమూ పడని మెడకు తీవ్ర గాయం కాదు కదా. చిన్న విలువల దగ్గర ఈ శాతాన్ని అక్షరాలా తీసుకోకండి. రెండు సీట్లనో రెండు ఎయిర్‌బ్యాగులనో పోల్చడానికి వాడండి. అందులోనూ ఒక రూపకల్పనకు 0.30, ఇంకొకదానికి 0.33 వస్తే రెండోది అధమమని తీర్పు చెప్పే ముందు, అదే పరీక్షను మళ్లీ చేస్తే విలువ ఎంత కదులుతుందో కనుక్కోండి.

వెనుక నుంచి తగిలే దెబ్బకు ఇది పనికిరాదు

ఆగి ఉన్న కారును వెనుక నుంచి నెమ్మదిగా గుద్దినప్పుడు ఛాతీ ముందుకు వెళ్తుంది, తల కాసేపు ఉన్నచోటే ఉంటుంది, మెడ పక్క నుంచి చూస్తే ఎస్ అక్షరంలా వంకర తిరుగుతుంది. బిరుసైన హైబ్రిడ్-3 మెడ అలా తిరగలేదు. ఈ పనికి 24 వెన్నుపూసలను విడివిడిగా కలిగిన బయోరిడ్ డమ్మీని వాడతారు. ఇక్కడి ముఖ్య కొలతల్లో ఒకటి, మెడ అడుగున ఉండే మొదటి ఛాతీ పూసకూ తలకూ మధ్య ముందు వెనుకల త్వరణ భేదాన్ని 0.2తో గుణించి, వేగ భేదపు వర్గాన్ని కలపడం. త్వరణ భేదం సెకను వర్గానికి 60 మీటర్లు, వేగ భేదం సెకనుకు 1.2 మీటర్లు అయితే 12, 1.44 కలిసి 13.4 వస్తుంది. 15 హద్దు. తల ఆనుకునే దిండు తలకు ఎంత దగ్గరగా ఉందన్నది ఈ విలువను అన్నింటికంటే ఎక్కువగా మారుస్తుంది కాబట్టి, పరీక్షకు ముందు ఆ ఎడాన్ని మిల్లీమీటర్లలో కొలిచి రాసుకోవాలి.

చివరి అడుగు: గీతను వీడియోతో సరిచూసి, మెడను మళ్లీ పరీక్షించండి

ఎన్‌ఐజె గరిష్ఠం వచ్చిన మిల్లీ సెకనును పట్టుకుని, అతివేగంగా చిత్రాలు తీసే కెమెరా చిత్రాల్లో అదే క్షణానికి వెళ్లండి. లెక్క సాగు-వెనుక వంపు అంటే చిత్రంలో తల వెనక్కి తిరుగుతూనో, వెనక్కి నెట్టబడుతూనో ఉండాలి. రెండూ పొసగకపోతే లెక్కను ఆపి, గుర్తుల పరీక్ష కాగితానికి తిరిగి వెళ్లండి. గీతలో ఒకటి రెండు మిల్లీ సెకన్ల సూదిమొన లాంటి శిఖరం కనిపిస్తే, ఆ క్షణంలో గడ్డం ఛాతీని తాకిందో, తల దేనినైనా కొట్టిందో చూడండి. శిఖరానికి కారణం చిత్రంలో దొరికితే అది నిజమైన భారమే, దానిని ఉంచాలి. దొరకకపోతే తీగను, కనెక్టర్‌ను, లోడ్ సెల్ మరలను వెతకండి. అనుమానంగా ఉందన్న ఒక్క కారణంతో శిఖరాన్ని చెరిపేయకండి.

నివేదికలో డమ్మీ పరిమాణం, మెడ వరుస సంఖ్య, గది ఉష్ణోగ్రత, కేబుల్ బిగింపు, వడపోత తరగతులు, వాడిన కీలక విలువలు, గరిష్ఠ విలువ, దాని జత, దాని సమయం ఉండాలి. తర్వాత అదే మెడను లోలకానికి బిగించి, రెండో అడుగులో చేసిన పరీక్షనే మళ్లీ చేయండి. విలువలు పరిధిలోనే ఉంటే పరీక్ష ఫలితం నిలుస్తుంది. మెడ పరిధి దాటి మెత్తబడి ఉంటే, అది ఢీకొనడానికి ముందే మెత్తబడిందా, ఢీకొన్నప్పుడా అన్నది తేలేదాకా ఆ పరీక్షలోని మెడ సంఖ్యలను ఎవరి చేతికీ ఇవ్వకండి.